బొమ్మకు రొమ్ముల్లేవు

స్విండన్‌లో, ఊరి చివర, పార్శిళ్ల గోదాములో
ఏడాదికోసారి ప్రథమ చికిత్స నేర్పుతారు.
కాళ్లూ చేతులూ లేని రబ్బరు మగాడు
నేల మీద వెల్లకిలా పడుంటాడు.
పలక లాంటి ఛాతీ. మధ్యలో ఒక గీత.
"ఇక్కడ నొక్కండి, గట్టిగా, పక్కటెముక విరిగినా ఫర్వాలేదు"
అంటాడు నేర్పేవాడు.
వరసలో నిలబడి అందరం నొక్కాం.
ఎవరికీ సిగ్గనిపించలేదు.

నవంబరు. రాత్రి షిఫ్టు. మూడు దాటింది.
మోరీన్ సాయంత్రం నుంచీ దవడ నొప్పంటోంది,
వీపులో ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుందంది.
క్రెయిగ్ గడియారం చూసుకుని
"నీ వయసుకి అవన్నీ మామూలేగా" అన్నాడు.
గాలికని పక్క తలుపు తీయించాడు,
పాపం, దయగానే.
మార్చిలో కాలిన్ గుండె పట్టుకుంటే
రెండు అంబులెన్సులొచ్చాయి.
తేన్పొచ్చింది, ఇంటికెళ్లాడు.

పదకొండో నంబరు గేటు దగ్గర ఫోర్క్‌లిఫ్టు దిగుతూ
మోరీన్ ఒరిగిపోయింది
తడిసిన అట్టపెట్టె ఒరిగినట్టు, చప్పుడు లేకుండా.

నేను చేరేసరికి చుట్టూ ఆరుగురు మగాళ్లు.
అందరి దగ్గరా సర్టిఫికెట్లు.
ఒకడు ఆమె చెయ్యి నిమురుతున్నాడు.
ఒకడు తన కోటు తెచ్చి గడ్డం దాకా కప్పాడు,
చలేస్తుందని.
గుండె ఆగిన మనిషికి చలేమిటిరా?
"ఆడమనిషి కదా" అన్నాడు తోమాష్ నెమ్మదిగా,
"రేపేమైనా అంటే..."

అనడానికి రేపుండాలి కదా.

అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు,
సగం తెలుగులోనట.
రేషన్ షాపు క్యూలో మా నాయనమ్మ వాడే గొంతు
ఇన్నేళ్లూ నాలో ఎక్కడ దాక్కుందో.
కంపెనీ ఇచ్చిన పసుపు కోటు మగాళ్ల కొలత,
చేతులు మూడు మడతలు పెట్టినా జారుతుంది,
విసిరేశాను.
పెట్టెలు కోసే కత్తితో ఆమె చొక్కా చీల్చాను.
కింద వంగపండు రంగు బ్రా, మధ్యలో బుల్లి సిల్కు పువ్వు.
పువ్వు దగ్గరే కోశాను.
ముప్పై నొక్కులు, రెండు ఊపిరులు. మళ్లీ ముప్పై.
నా అరచేతి కింద ఏదో పుటుక్కుమంది.
వాళ్లు తలలు తిప్పుకున్నారు, మర్యాదగా,
పెళ్లికూతురు చీర మార్చుకునే గది బయట
కాపలా ఉన్నట్టు.

గోడ మీది షాక్ యంత్రం తెమ్మని మూడుసార్లు అడగాల్సొచ్చింది.
తెరవగానే అది "దూరంగా జరగండి" అంది.
దానిదీ ఆడగొంతే.
దాని మాట మాత్రం అందరూ విన్నారు.

వారం తర్వాత క్రెయిగ్ పిలిచి టీ ఇచ్చాడు.
అంబులెన్సుకి ఫోన్ చేసిన డెరెక్ ఫోటో
అప్పటికే నోటీసుబోర్డు ఎక్కింది:
ఆపదలో తొణకని మనిషి.
నా కాగితంలో రెండు వాక్యాలు.
ప్రాణం నిలిపినందుకు కృతజ్ఞతలు.
తోటివారితో మాట్లాడే తీరు కొంచెం చూసుకోవాలి.
కాలిన్ రోజూ తిట్టే బూతులకి
ఈ గోదాములో నాయకత్వం అని పేరు.
టీలో చక్కెర లేదు. తాగేశాను.

మోరీన్‌కి మూడు పక్కటెముకలు విరిగాయి.
ఆసుపత్రిలో నన్ను చూసి మొదట అన్న మాట:
"అది కొత్తదే పిల్లా, పద్నాలుగు పౌన్లు."
నవ్వబోయి, నొప్పికి ఆగి, ఏడ్చింది.
నేనూ.

ఈ ఏడు మళ్లీ వచ్చాడు రబ్బరు మగాడు.
సెలవులో ఉన్న మోరీనూ వచ్చింది,
చేతిలో సూపర్‌మార్కెట్ సంచి.
నల్లదారంతో అతుకేసిన ఆ బ్రా తీసి బొమ్మకి తొడిగింది.
రెండు జతల మేజోళ్లు ఉండచుట్టి కుక్కింది.
పైన తన పాత చొక్కా కప్పి గుండీలు పెట్టి
కుర్చీలో కూలబడింది, ఇంకా ఆయాసం.
"ఊఁ, కానివ్వండి" అంది.

హీటరు గురక తప్ప గదిలో చప్పుడు లేదు.
క్రెయిగ్ చెవులు ఎర్రబడ్డాయి.
మోకాళ్ల మీద కూర్చున్నాడు, చేతులు చాచాడు,
పై గుండీకి బెత్తెడు ఎత్తున ఆగాయవి.

నేను వాచీ చూస్తున్నాను.
నాలుగు సెకన్లు.
ఏడు.